మంచి మిర్చికి మంచి తేడా ఇవ్వాలి

గుంటూరు యార్డులో కొనుగోలుదార్ల ఫిర్యాదు పాతదే: తాలు ఎక్కువ, రంగు తక్కువ. దీనికి విరుగుడు చేలోనే ఉంది. యూరియా ఒకేసారి గుమ్మరిస్తే మొక్క ఏపుగా పెరుగుతుంది, రసం పీల్చే పురుగూ చేరుతుంది. 2021లో నల్ల తామర పురుగు చేసిన నష్టం వర్తకులు మరువలేదు. డ్రిప్ ద్వారా నత్రజని, పొటాష్ విడతలవారీగా అందిస్తే నీరు, ఎరువు ఆదా అవుతాయి. కాయ నాణ్యత నిలుస్తుంది.

అయితే పైపులకు, నీటిలో కరిగే ఎరువులకు పెట్టుబడి హెచ్చు. 2025లో ధరలు పడిపోగా కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యం ధర ప్రకటించవలసి వచ్చింది. అటువంటి ఏడు రైతు మొదట మానుకునేది ఈ ఖర్చునే. కనుక రంగుగల సరుకుకు, నాసి సరుకుకు మధ్య ధరలో తేడా పెంచక తప్పదు. పెంచకపోతే వచ్చే సీజనులోనూ బస్తాల్లో తాలే ఏరుకోవాలి.