గర్భిణీ కూలీకి వచ్చిన జ్వరం చిన్నది కాదు

మిరప కోతలు మొదలైతే మన ఊళ్ళలో తెల్లారకముందే కూలీల ఆటోలు కదులుతాయి. ఒకరి మీద ఒకరు కూర్చుని వెళ్ళే ఆ ఆడవాళ్ళలో ఒకరో ఇద్దరో ఒట్టి మనుషులు కారు. వాళ్ళకు జ్వరం, దగ్గు వస్తే ఏమవుతుందో మనం ఎప్పుడూ మాట్లాడుకోం. మాట్లాడుకోవాలి.

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. మొదటిది నాట్లు, కలుపుల కాలం. రెండోది మిరప కోతల కాలం. అంటే ఆడకూలీలు గుంపుగా పనిచేసే రోజులే జ్వరం అంటుకునే రోజులు. అందుకే ఇది ఆసుపత్రి విషయమే కాదు, వ్యవసాయ సమస్య కూడా అంటున్నాం.

మామూలు మనిషికి మూడు నాలుగు రోజుల్లో తగ్గే ఫ్లూ గర్భిణికి న్యుమోనియా దాకా పోవచ్చు. కడుపు పెరిగేకొద్దీ ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. గాలి మాత్రం ఇద్దరికీ సరిపడా కావాలి. రోగాన్ని ఎదుర్కొనే తీరు కూడా మారుతుంది. 2009 స్వైన్‌ఫ్లూలో, 2021 కరోనా రెండో వేవ్‌లో ఎందరో గర్భిణుల ప్రాణాల మీదికి వచ్చింది ఇందుకే.

ఫ్లూ వైరస్ కడుపులో బిడ్డ దాకా చేరడం అరుదు. అయినా తల్లి జబ్బు ముదిరితే బిడ్డకు దెబ్బే. నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు, ఒక్కోసారి కడుపులోనే బిడ్డ పోవడం. తొలి నెలల్లో జ్వరం బాగా కాస్తే బిడ్డ మెదడు, వెన్ను ఏర్పడటంలో లోపాలు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఫ్లూ టీకాలో గర్భిణులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. ఆరు నెలలు నిండని బిడ్డకు ఈ టీకా వేయరు. తల్లి వేయించుకుంటే పుట్టిన బిడ్డకూ తొలి నెలల్లో కాపుదల ఉంటుంది. కానీ సర్కారు ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో గర్భిణికి ఫ్లూ టీకా లేదు. కరోనా టీకాకు కూడా గర్భిణులకు అనుమతి వచ్చింది 2021 జూలైలో, రెండో వేవ్ పోటు తగ్గాకే.

జ్వరంతో పనికి ఎందుకు వస్తారంటే, రాకపోతే ఆ రోజు కూలి లేదు. 2017 నుంచి చట్టం 26 వారాల జీతంతో సెలవు ఇస్తుంది, చేలో కూలీకి మాత్రం కాదు. 2013 ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 రూపాయలు ఇవ్వమంటే, కేంద్ర పథకం మొదటి కాన్పుకు 5,000 చేతిలో పెడుతోంది. అది ఎన్ని రోజుల కూలో మనకు తెలుసు. పొరుగు జిల్లాల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి చేలగట్ల మీద గుడారాలు వేసుకునే తల్లుల పేర్లు మన ఊరి ఆశా కార్యకర్త పుస్తకంలో ఉండనే ఉండవు.

మిరప రైతుకు గిట్టుబాటు లేదన్నది నిజం. ఆ నష్టాన్ని కూలీ తల్లి ఊపిరితో పూడ్చుకోలేం. జ్వరమున్న గర్భిణిని పనికి పిలవొద్దు. కోతకు దిగిన కుటుంబాల్లో గర్భిణులుంటే ఏఎన్‌ఎంకు కబురు చేద్దాం. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని మళ్ళీ చేలోకి దిగనివ్వొద్దు. నొప్పుల మాత్రలు కొన్ని గర్భిణికి హాని చేస్తాయి. ఫ్లూ మందు రెండు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది కాబట్టి తొలిరోజే పీహెచ్‌సీకి పంపాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, ఇందులో ఏది కనిపించినా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి మూడు. పీహెచ్‌సీలలో గర్భిణులకు ఉచిత ఫ్లూ టీకా, ఏడాది పొడవునా ఫ్లూ మందు. వలస కూలీ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే పరీక్షలు, పౌష్టికాహారం. వ్యవసాయ కూలీకి కూలి నష్టపోకుండా ప్రసూతి సెలవు. వచ్చే గ్రామసభలో ఈ మూడింటి మీద ప్రతి ఊరి శాఖా తీర్మానం పెట్టాలి.