మన్నిక

పటమటకు ఆటోనగరు ఎంతో దూరము కాదు. ఉదయమున ఆ వీథులలో అడుగిడినవారికి సుత్తిదెబ్బల చప్పుడు, ఆకురాళ్ల రాపిడి వినవచ్చును; వెల్డింగు మంటలు కన్నులకు మిరుమిట్లు గొల్పును. లారీలకు బాడీలు కట్టువారు, ఇంజనులు విప్పి బిగించువారు, అరిగిన భాగములను మార్చువారు అచ్చట పెక్కుమంది కలరు. “ఈ బండి చెడినది” అను మాట అచ్చట తుది తీర్పు కాదు. పనికి తొలి మాట. ఒక వస్తువు మన్నిక యననేమో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి బడి అరుదు.

ఈ గుణము లారీవంటి పెద్ద యంత్రములకే చెందినది కాదు. అరచేతిలో ఇముడు చిన్న పనిముట్టును చూచినను ఇదే పాఠము దొరకును. అట్టి పనిముట్లలో కెమేరాకు కన్నువంటిదగు కటకము ఒకటి. వాడుకలో దానిని లెన్సు అందురు. యాబది, అరువది యేండ్ల క్రిందట ఫోటోలు తీసినవారి యింట పాత బీరువా తెరచినచో, తోలుసంచిలో అట్టి కటకము నేటికిని కనబడవచ్చును. దానితో వాడిన కెమేరా మూలబడినను, కటకము మాత్రము పెక్కుసార్లు పనికి సిద్ధముగనే యుండును.

దీనికి కారణమేమి? ఆనాటి కటకములో విద్యుత్తు లేదు; మోటారు లేదు. కొన్ని గాజు బిళ్లలు, వానిని పట్టియుంచు లోహపు గొట్టములు, మరలు, కొంచెము గ్రీజు మాత్రమే యుండును. 1902లో జర్మనీ దేశమున జైస్ సంస్థకు చెందిన పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ‘టెస్సార్’ అను ప్రసిద్ధ కటకములో ఉన్నవి నాలుగే గాజు బిళ్లలు. ఫోటో తీయువాడు కటకము పైనున్న వలయమును చేతితో త్రిప్పినపుడు, లోపలి మరచుట్లు తిరిగి గాజులు ముందుకో వెనుకకో జరుగును. మసకగా నున్న దృశ్యము క్రమముగా స్పష్టమగును. ఒకే మెత్తని లోహముతో చేసిన రెండు మరచుట్లు రాచుకొని పట్టివేయవచ్చును. అందుచే మంచి కటకములు కొన్నింటిలో ఒక చుట్టును ఇత్తడితోను, రెండవదానిని అల్యూమినియముతోను చేసిరి. దూరమును తెలుపు అంకెలను లోహముపై చెక్కి రంగు నింపిరి. పైపూత అరిగినను చెక్కిన అంకె నిలిచియుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది విప్పుటకు వీలు. కృష్ణా డెల్టాలో వానకాలపు తేమ ఎట్టిదో అచ్చటివారికి చెప్పనక్కరలేదు. గాలి ఆడని చోట ఉంచిన కటకపు గాజుపై సాలెగూటి పోగులవలె బూజు పాకును. గ్రీజు ఎండి వలయము బిగుసుకొనును. పనితెలిసినవాడు చిన్న పరికరములతో మరలు సడలించి, గాజులను వరుస తప్పకుండ తీసి, తుడిచి, క్రొత్త గ్రీజు పెట్టి మరల బిగించును. బూజు ముదరక మునుపే ఈ పని జరిగినచో కటకము తిరిగి తేటపడును. ముదిరినచో గాజుపై మచ్చ నిలిచిపోవును. లోహమెంత గట్టిదైనను కాపాడు చేయి లేనిచో మన్నిక లేదు.

పాత కటకమును క్రొత్త కెమేరాకు తగిలించుటయు సాధ్యమే. జపాను దేశపు నికాన్ సంస్థ 1959లో వెలువరించిన కెమేరాలో, కటకము కూర్చుండు అంచునకును ఫిలిమునకును నడుమ దూరము 46.5 మిల్లీమీటర్లు. అదే సంస్థ 2018లో తెచ్చిన క్రొత్త తరగతి కెమేరాలలో ఆ దూరము 16 మిల్లీమీటర్లే. తక్కువైన 30.5 మిల్లీమీటర్లను ఒక వలయముతో నింపినచో, తాతల కాలపు కటకములు పెక్కు మనుమల కెమేరాలపై పనిచేయును. చేతితో త్రిప్పు ఓపిక మాత్రము కావలెను.

ఇంతమాత్రమున పాతదెల్ల బంగారమనుట న్యాయము కాదు. ఆనాడు నాసిరకపు కటకములును తయారైనవి. అవి ఏనాడో చెత్తకుప్ప చేరినవి. మంచివే మిగిలి మన కంటబడుచున్నవి. మంచివానిలోను కొన్నింటి గాజులను అతికించిన జిగురు కాలక్రమమున విడిపోయినది. 1985లో మినోల్టా సంస్థ తెచ్చిన కెమేరా తనంతట తానే దృశ్యమును స్పష్టపరచుకొను పద్ధతిని జనసామాన్యమునకు చేరువ చేసెను. పరుగెత్తు బాలుని, ఎగురు కొంగను ఫోటో తీయువారికి అది గొప్ప సాయము. చూపు మందగించిన వృద్ధులకును మేలు కలిగినది. ప్లాస్టిక్ వాడుకచే బరువును, వెలయు తగ్గినవి. వీనిని కాదనువాడు కృతఘ్నుడు.

కావున వివాదము పాతకును క్రొత్తకును నడుమ కాదు. లోహమునకును ప్లాస్టికునకును నడుమ కాదు. విప్పి బాగుచేయ వీలైన వస్తువునకును, వీలుకాని వస్తువునకును నడుమ. నేటి కటకములో ఒక సన్నని తీగ తెగవచ్చును. గోరంత విద్యుత్ఫలకము చెడవచ్చును. ఆ భాగమును తయారుచేయుట సంస్థ మానివేసినచో, చెక్కుచెదరని గాజు సైతము దానితోపాటు వ్యర్థమగును. గాజును సానపట్టినవాని శ్రమ, గనినుండి లోహము త్రవ్వినవాని శ్రమ, కొన్నవాని సొమ్ము ఒక్క తీగ కొఱకు మట్టిపాలగుట వివేకము కాదు.

విజయవాడ వాసుల కన్నులయెదుట ఇంతకంటె పెద్ద నిదర్శనము కలదు. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్టకు 1952లో గండిపడగా, దాని స్థానమున నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తియైనది. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొనివచ్చి గేట్ల బరువుదిమ్మెలను ఢీకొని దెబ్బతీసినవి. నిపుణులు కొలది దినములలోనే చెడినవానిని తొలగించి క్రొత్తవి అమర్చిరి. దెబ్బ తగులదని కాదు, తగిలిన భాగమును మార్చుకొన వీలున్నదని ఆ కట్టడము గొప్పతనము.

వస్తువులను బాగుచేయించుకొను హక్కును గూర్చి లోకమంతట చర్చ జరుగుచున్నది. భారత ప్రభుత్వము కూడ 2022లో ఇందుకై ఒక పోర్టలును ప్రారంభించినది. కాని ప్రభుత్వ మొక్కటియే ఈ పని నెరవేర్చజాలదు. బాగుచేయువాని విద్యకు సంఘమున గౌరవము దక్కవలెను. మరలు విప్పుట చేతకాక చేయు పని యని తలచు ఇంట, ఆ విద్య ఒక తరముతో అంతరించును. అది అంతరించిన నాడు, విప్పుటకు వీలున్న వస్తువు సైతము విప్పువాడు లేక మూలబడును.

కావున విద్యార్థులు ఏ వస్తువు కొనునపుడైనను వెలతోపాటు మరి మూడు ప్రశ్నలడుగుట అలవరచుకొనవలెను: ఇది విప్పుటకు వచ్చునా? దీని భాగములు దొరకునా? బాగుచేయువారు దగ్గరలో కలరా? ఇంట పాత కటకమున్నవారు దానిని తోలుసంచి నుండి తీసి, తేమ తగులని పొడిచోట ఉంచి, అప్పుడప్పుడు వెలుతురున వాడవలెను. చెడినదని తోచినపుడు పారవేయుటకు ముందు పనితెలిసిన వానికి ఒక్కసారి చూపవలెను. ఆటోనగరులో నిత్యము జరుగునది అదియే.