లెక్క అడిగేవాడు

త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు రెండో స్వర్గం కట్టబోయాడు. కొత్త నక్షత్రాలనూ సృష్టించాడు. అప్పుడేమయింది? దేవతలు పరుగెత్తుకొచ్చి "స్వామీ, ఇక చాలించండి" అని బతిమాలుకున్నారు, ఆయన చాలించాడు. భస్మాసురుడి ఆట కట్టించడానికీ మోహిని వచ్చింది. మన పురాణాలలో ఎంత శక్తి సంపాదించినవాడికైనా లెక్క అడిగేవాడు ఒకడు ఉండనే ఉంటాడు.

పాశ్చాత్యుల పాత సైన్సు కథలు చదివినప్పుడల్లా నాకు కొట్టవచ్చినట్టు కనిపించే తేడా ఇదే. 1818 లో వెలువడిన మేరీ షెల్లీ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ ఎవరికీ చెప్పకుండా ఒక ప్రాణిని తయారు చేస్తాడు. అది కళ్ళు తెరవగానే హడలిపోయి పారిపోతాడు. 1896 నాటి హెచ్.జి. వెల్స్ కథలో డాక్టర్ మోరో మృగాలను కోసి, కుట్టి మనుషులను చేయబోతాడు. లండన్‌లో తన ప్రయోగాలు రచ్చకెక్కగా, అడిగే దిక్కులేని దీవికి మకాం మార్చినవాడు ఆయన. మరుసటి ఏడు అదే వెల్స్ సృష్టించిన గ్రిఫిన్ అసలు ఎవరి కంటికీ కనబడకుండా పోయాడు. కనబడనివాడికి సిగ్గెక్కడిది? ముగ్గురూ మహా తెలివైనవాళ్ళే. ముగ్గురూ లెక్క అడిగేవాడిని తప్పించుకున్నవాళ్ళే. దేవుడి పని నెత్తిన వేసుకోవడం కన్నా అదే పెద్ద తప్పని నా అభిప్రాయం.

"ఈ దీవులూ దయ్యాలూ మనకెందుకండీ?" అంటారేమో. హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా వెళ్ళండి చాలు. అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు పేరుపొందిన ఊరు. ఆ గూడు కట్టే పురుగు ఒక విధంగా మనిషి చేసిన ప్రాణి. చీనాలోని అడవి జాతిని వేల ఏళ్ళుగా ఏరి ఏరి పెంచగా తయారయింది. గూట్లోంచి బయటికి వచ్చాక దానికి రెక్కలుంటాయి గాని ఎగరలేదు. అడవిలో వదిలితే బతకలేదు. అసలు బయటికి రానిస్తేగదా! దారం తెగిపోతుందని లోపల ఉండగానే వేడికి చంపుతాం. మోరో కత్తితో తొందరపడి చేయబోయింది మనం తరాల తరబడి నెమ్మదిగా చేశామన్నమాట. అయితే ఒక తేడా ఉంది. పట్టు రైతు తన పురుగును వదిలి పారిపోడు. వేళకు మల్బరీ ఆకు వేస్తాడు, ఎండకూ చలికీ కాపాడతాడు. దానికి రోగమొస్తే మునిగేది ఆయన ఇల్లే. ఫ్రాంకెన్‌స్టైన్‌కు లేనిది ఆ పూచీయే.

హిందూపురానికి దగ్గరలోనే లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో పెనుకొండ నుంచి అధికారం చేసిన విరూపణ్ణ ఆ గుడి కట్టించాడు. చెప్పకుండా ఖజానా సొమ్ము ఖర్చు చేశాడని రాజు కళ్ళు తీయించబోతే, విరూపణ్ణ తానే కళ్ళు పెరికి గోడకు కొట్టాడని ఐతిహ్యం. ఆ గోడ మీద ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. దేవుడి పేరు చెప్పినా లెక్క లెక్కేనని ఆ కథ నీతి. కాని ఆ శిక్ష వేసిన రాజును లెక్క అడిగిందెవరు? తరవాత రామరాయలు సదాశివరాయలను పేరుకు సింహాసనం మీద ఉంచి, చుట్టూ కాపలా పెట్టి, రాజ్యం తానే ఏలాడు. మనుషులు అడగలేని లెక్కను 1565 లో యుద్ధం అడిగింది. విజయనగరం పాడుపడి, రాజధాని పెనుకొండకు తరలివచ్చింది.

ఆ పెనుకొండ దగ్గరే, ఎర్రమంచిలో, 2019 నుంచి కియా వారి కార్లు తయారవుతున్నాయి. అక్కడ వెల్డింగు పనికి రోబోలున్నాయి. ఆ మాట కారెల్ చాపెక్ 1920 లో రాసిన నాటకంలో పుట్టింది. చెక్ భాషలో దాని మూలానికి అర్థం వెట్టిచాకిరి. నాటకంలో రోబోలు తిరగబడి మనుషులను మట్టుపెడతాయి. ఎర్రమంచి రోబోలు తిరగబడతాయని నేను భయపడను. మరకు పగ ఉండదు. మరను అడ్డం పెట్టుకున్న మనిషి సంగతే వేరు.

ధర్మవరం వెళ్ళి చూడండి. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చుని రోజుల తరబడి నేసే చీరెను మరమగ్గం ఇట్టే దింపేస్తుంది. కొన్ని రకాల నేత చేమగ్గానికే దక్కాలని 1985 లో పార్లమెంటు చట్టం చేసింది. పట్టంచు చీరెలూ అందులో ఉన్నాయి. అయినా మరమగ్గం మీద నేసినది చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. అప్పుల పాలైన నేతగాళ్ళు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఆ ఊరినుంచి ఎన్నోసార్లు వచ్చాయి. దానికి మరమగ్గాన్ని దయ్యమనకండి. దాని దగ్గర నిలబడేవాడూ కూలివాడే. చట్టం ఉండీ, లెక్క అడిగే చేయి లేకపోవడమే అసలు దయ్యం.

విశ్వామిత్రుణ్ణి ఆపడానికి దేవతలు వచ్చారు. మనకోసం ఎవరూ దిగిరారు. అమ్మలారా, ఈసారి ధర్మవరం చీరె కొనేటప్పుడు రంగూ జరీ చూడటంతో సరిపెట్టక, "ఇది ఏ మగ్గం మీద నేసింది?" అని గట్టిగా అడగండి. కొట్టువాడు కొంచెం తడబడితే తడబడనివ్వండి.