జర్మనీలో చదువు ఉచితమే, బ్లాక్డ్ అకౌంట్ మాటేమిటి?

అడ్మిషన్ల రోజులొస్తే హైదరాబాద్‌లో ఎటు చూసినా ఒకటే ఫ్లెక్సీ: ఫారిన్ లాంగ్వేజెస్, స్టడీ అబ్రాడ్, వీసా గ్యారంటీ. గురుకులాల్లో ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు, కూలికి పోయి వాళ్లను చదివించుకుంటున్న తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు: ‘జర్మన్ నేర్పే కాలేజీల్లో ఏది మంచిది?’ కాలేజీ పేరు చెప్పడం తేలికే. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది.

జర్మనీలో చదువు ఉచితమన్నది అబద్ధం కాదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. ఫ్లెక్సీ మీద కనిపించనిది బ్లాక్డ్ అకౌంట్. ఏడాది ఖర్చుల కింద 11,904 యూరోలు, అంటే దాదాపు 12 లక్షల రూపాయలు, వీసాకు ముందే ఆ ఖాతాలో వేసి చూపించాలి. మన సర్టిఫికెట్ల పరిశీలనకు ఏపీఎస్ ఫీజు అదనం. ఎకరం పొలం కూడా లేని ఇంట్లో ఆ 12 లక్షలు ఎక్కడి నుంచి రావాలి?

దీనికోసమే ప్రభుత్వ పథకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద పీజీ చదువుకు 20 లక్షల రూపాయలిస్తారు. కానీ మొదటి విడత కావాలంటే ఆ దేశంలో దిగినట్టు కాగితం చూపించాలి. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. వీసాకేమో డబ్బు ముందు చూపాలి, సర్కారు సొమ్మేమో విమానం దిగాక వస్తుంది. మధ్యలో ఉన్న ఆ గ్యాప్‌ను వడ్డీ వ్యాపారి నింపుతాడు. అప్పు పుట్టినవాడే పథకం దాకా చేరతాడు, పుట్టనివాడి దరఖాస్తు ఇంట్లోనే ఆగిపోతుంది.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇంతకంటే మెరుగైనదే. ట్యూషన్ ఫీజు మొత్తం ఇస్తుంది, నిర్వహణ భత్యం కూడా ఉంది. దేశం మొత్తానికీ ఏడాదికి 125 సీట్లు, అందులో ఎస్సీలకు 115. 2025 జూలైలో 106 మందిని ఎంపికచేసి, నిధుల కొరత పేరుతో మొదట 40 మందికే తాత్కాలిక లేఖలిచ్చారు. మిగిలిన 66 మంది చేతిలో విదేశీ యూనివర్సిటీ ఆఫర్ పెట్టుకుని నిధుల కబురు కోసం కూర్చోవాల్సి వచ్చింది. 2022లో తెచ్చిన మరో నిబంధన చూడండి. భారత సంస్కృతి, చరిత్ర, సామాజిక అంశాల మీద విదేశాల్లో చదువుతామంటే ఈ స్కాలర్‌షిప్ లేదు. అంటే కులం మీద కొలంబియాలో పరిశోధన చేయాలనుకునే దళిత విద్యార్థికి తలుపు మూసినట్టే. కొలంబియాలో అంబేడ్కర్ 1916లో చదివిన పత్రం కులాల పుట్టుక మీదే కదా!

ఇంకో మెలిక ఉంది. ఈ స్కాలర్‌షిప్ క్యూఎస్ ర్యాంకింగ్‌లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీలకే. జర్మనీలో ఉద్యోగానికి దగ్గరి దారి అని ఏజెంట్లు చెప్పే హోఖ్‌షూలేలు, అంటే అప్లైడ్ సైన్సెస్ సంస్థలు, ఆ జాబితాలో సాధారణంగా ఉండవు. ఇలాంటివి కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర ఎవరూ చెప్పరు.

ఇక కాలేజీ సంగతి. డిగ్రీ మరేదో అయి, జర్మన్ పక్కన ‘యాడ్ ఆన్’గా ఉండే కాలేజీని మేం సిఫారసు చేయం. మూడేళ్ల తర్వాత చేతిలో మిగిలేది ఏ1 స్థాయి. జర్మన్‌లో బోధించే కోర్సుల్లో చేరాలంటే మామూలుగా సీ1 అడుగుతారు. ఆ ఖాళీ పూడ్చుకోవడానికి ప్రైవేటు కోచింగ్‌లో చేరాలి, ఆ ఫీజుకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. అదే భాషే డిగ్రీ అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్, పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లతో భాష కూడా వచ్చేస్తుంది. హైదరాబాద్‌లోనే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లిష్ సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడ జర్మన్, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్, అరబిక్, జపనీస్ లాంటి భాషలు చదువుకోవచ్చు. కేంద్ర సంస్థ కాబట్టి ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. ఢిల్లీ దాకా పంపగలిగితే జేఎన్‌యూ భాషల స్కూల్ ఉంది.

ఇక్కడో మాట. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఫ్రెంచి, సంస్కృతం తీసుకునేది మార్కుల కోసం, భాష కోసం కాదు. ఇంటర్‌లో రెండేళ్లు ఫ్రెంచి చదివి ఒక్క వాక్యం మాట్లాడలేనివాళ్లు బోలెడుమంది. కాబట్టి తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి భాషా డిగ్రీలో చేరేటప్పుడు తాను వెనకబడి ఉన్నాననుకోనక్కర్లేదు. జర్మన్ అక్షరాల ముందు అందరూ మొదటి బెంచీవాళ్లే. అంబేడ్కర్ కూడా జర్మన్ నేర్చుకున్నారు. 1921లో బాన్ విశ్వవిద్యాలయంలో చేరడానికి ఆ భాషలోనే లేఖ రాశారు.

చేరే ముందు కాలేజీని నిలదీయండి. గత మూడేళ్లలో బీ2 పరీక్ష పాసైనవాళ్లు ఎంతమంది? పాఠం చెప్పేవాళ్లు రెగ్యులర్ అధ్యాపకులా, గంటల లెక్కన వచ్చిపోయేవాళ్లా? ‘స్టడీ అబ్రాడ్ ప్యాకేజీ’ ఫీజుకు రసీదు ఇస్తారా? రసీదు లేదంటే అక్కడి నుంచి వచ్చేయండి.

విద్యార్థి సంఘాలు మాత్రం కాలేజీ గేటు దగ్గర ఆగిపోకూడదు. విద్యానిధి మొదటి విడతను వీసాకు ముందే, విద్యార్థి పేరున బ్లాక్డ్ అకౌంట్‌లో వేయమని సంక్షేమ శాఖను అడగాలి. దీనికి బడ్జెట్‌లో కొత్తగా ఒక్క రూపాయి అక్కర్లేదు. ఇస్తామన్న డబ్బునే కొన్ని నెలలు ముందు ఇవ్వాలి.