అరువు తెచ్చుకొన్న ఏవగింపు

మొన్న ఒక సాయంకాలము విశాఖపట్టణపు సముద్రతీరమున ఒక చిన్న సంఘటన మా కంటబడినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు పరిశోధన గావించుచున్న ఇథియోపియా దేశీయుడొకడు పుస్తకములు చేతబట్టుకొని పోవుచుండెను. గట్టుమీద కూర్చుండిన నలుగురు బాలురు అతనిని చూచి, నోటిపై అరచేయి కొట్టుకొనుచు, అడవిమనుష్యుల కేకలని తాము తలచిన కేకలు వేసిరి. అతడు తల త్రిప్పక సాగిపోయెను. మేము ఆ బాలురను సమీపించి, "ఏమోయి, ఆయన దేశమున జనులిట్లు అఱతురని మీకెవ్వరు చెప్పిరి?" అని యడిగితిమి. వారిలో పెద్దవాడు సిగ్గుపడి, "సినిమాల్లో చూశామండీ" అనెను.

బాలుడు అబద్ధమాడలేదు. మనము విచారింపవలసిన దోషమంతయు ఆ యొక్కమాటయందే యిమిడియున్నది.

న్యాయవాదవృత్తి నవలంబించినవారికి తొలినాళ్లలోనే నేర్పబడు సూత్రమొకటి కలదు. సాక్షి తాను కన్నదానిని చెప్పవలెను. ఒకరు చెప్పగా విన్నమాట, కొన్ని మినహాయింపులు తప్ప, సాక్ష్యము కానేరదు. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 60వ సెక్షనునందు ఈ నియమమును విధించినది. దానికి బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన క్రొత్త చట్టమును దీనిని విడువలేదు. కోడిదొంగను శిక్షించుటకైనను చాలని వినికిడిమాటను పట్టుకొని, ఒక మహాఖండమునందలి జనకోటినంతటిని మనము దోషులుగా తీర్మానించుచున్నాము! ఇది యెక్కడి న్యాయము?

ఈ వినికిడి యెట్లు వచ్చినదో విచారింతము. ఎడ్గార్ రైస్ బరోస్ అను అమెరికా రచయిత 1912లో టార్జాను కథను ప్రకటించెను. ఆయన ఆఫ్రికాగడ్డపై ఎన్నడును అడుగుపెట్టినవాడు కాడు. తెల్లజాతి శిశువొకడు అడవిలో పెరిగి ఆ యడవికి దొరయగుట కథాసారము. 1932లో హాలీవుడ్డువారు దానిని మాటలాడు చిత్రముగా తీసి లోకమంతట త్రిప్పిరి. అందలి నల్లవారు మూటలు మోయువారు, ఈటెలు పట్టి గంతులు వేయువారు. 1937లో బొంబాయి వాడియా మూవీటోన్‌వారు "తూఫానీ టార్జాన్" తీసిరి; 1985లో హిందీయందు మఱియొక టార్జాను వెలువడెను. చూడనివాడు వ్రాసెను. ఆ వ్రాతనుబట్టి వేఱొకడు బొమ్మ పట్టెను. ఆ బొమ్మకు మఱియొకడు నకలు తీసెను. ఆ నకళ్లు వాడవాడల తిరిగి తిరిగి, తుదకు మన తీరమున నొక బాలుని నోట కేకయై వెలువడినవి. 1933లో మన రేవు తెఱవబడిన నాటినుండి అచ్చట దిగు మూటలను సుంకపుటధికారులు విప్పి చూచుచునే యున్నారు. ఈ మూటను మాత్రము విప్పి చూచినవాడు లేడు.

ఇంతకంటె చోద్యమైన సాక్ష్యమును చూడుడు. లీ ఫాక్ 1936లో కల్పించిన ఫాంటమ్ బొమ్మల కథలను 1964నుండి ఇంద్రజాల్ కామిక్స్‌వారు మన దేశమున అచ్చొత్తించిరి. ఆ కథలలోని అడవిసీమ పేరు మన వంగదేశమును స్ఫురింపజేయునట్లుండెను. ఇచ్చటి ప్రకాశకులు దానిని "డెంకాలీ" యని మార్చిరి. ఓడదొంగల ముఠాకు గల "సింగ్" అను పేరును "సింగా" యని మార్చిరి. ఆ జాగరూకత మెచ్చదగినదే. తనవారికి నొప్పి కలుగునన్నచో పేరు మార్చవలెనని తోచినది. కాని ముసుగు ధరించిన తెల్లదొరను దేవునివలె కొలుచు పొట్టి నల్లవారు కథలో అట్లే నిలిచిరి. నొప్పి మనదైనప్పుడు తెలివి మేల్కొనును; పరునిదైనప్పుడు నిద్రించును.

మన నొప్పి మనకు తెలియకపోలేదు. 1938లో "ది డ్రమ్" అను చిత్రము వచ్చినపుడు బొంబాయి జనులు వీథులకెక్కి నిరసించిరి. 1939లో వచ్చిన "గంగా దీన్" చిత్రము బొంబాయి, వంగరాష్ట్రములలో నిషేధింపబడెను. 1984లో ఇండియానా జోన్సు చిత్రమొకటి మన రాజుల పంక్తిభోజనమున కోతి మెదళ్లు వడ్డించినది. కథ నచ్చక మన ప్రభుత్వము అనుమతి నిరాకరింపగా, వారు సింహళమునకు పోయి చిత్రించుకొనిరి. అమెరికా టెలివిజనులో 1990నుండి "అపూ" అను భారతీయ దుకాణదారుని బొమ్మకు తెల్లనటుడొకడు వెక్కిరింపుయాసతో గొంతు నిచ్చుచుండెను. బడులలో ఆ యాసతో గేలి చేయబడి పెరిగిన భారతీయ బిడ్డల బాధను 2017లో ఒక చిత్రముగా తీసి లోకమునకు చూపినవాడు మన తెలుగు దంపతుల బిడ్డయే. న్యూయార్కులో పెరిగిన హరి కొండబోలు. 2020లో ఆ నటుడు ఇక ఆ గొంతు నీయనని తప్పుకొనెను. హరి అడిగిన ప్రశ్నను మెచ్చుకొనుటకు మనకు హక్కు కలదు. ఆ ప్రశ్ననే సముద్రతీరమున నడచిపోయిన ఇథియోపియా యువకుడు మనలను అడిగిన, ఏమి యుత్తరమిత్తుము?

"ఇది వట్టి వినోదము, ఇంత రాద్ధాంతమేల?" అని కొందఱు వచింతురు. వినోదమున కెంత బలమున్నదో మనలను ఏలినవారు బాగుగా నెఱుగుదురు. 1927లో ఆంగ్లప్రభుత్వము మద్రాసు న్యాయవాదియగు టి. రంగాచారిగారి యధ్యక్షతన సినిమాలపై విచారణసంఘమును నియమించెను. పాశ్చాత్యచిత్రములలో తెల్లవారి విచ్చలవిడి నడవడిని చూచి భారతీయులకు దొరలయెడ గౌరవము సన్నగిల్లునేమోయను జంకు దానికి గల హేతువులలో నొకటి. తెఱమీది బొమ్మ సామ్రాజ్యపు ప్రతిష్ఠను కదల్చునని వారు భయపడిరి. 1915లో గ్రిఫిత్ తీసిన "ది బర్త్ ఆఫ్ ఎ నేషన్" చిత్రమున తెల్లనటులు ముఖములకు మసి పూసికొని నల్లవారిని దుర్మార్గులుగా నటించిరి. నల్లవారిని హింసించిన క్లూ క్లక్స్ క్లాన్ ముఠా ఆ యేడే జార్జియాలో మరల తలయెత్తినది. వినోదమని పేరు పెట్టినంతమాత్రమున విషము పానకము కాదు.

"నల్లనివానిని చిన్నచూపు చూచుట మనకు సినిమాలు నేర్పినవా? పెండ్లిచూపులలో మేనిచాయ నడుగువారము మనము కామా? అంటరానితనము ఏ ఓడలో దిగుమతియైనది?" అని మఱికొందఱు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని తప్పించుకొనుట మాకిష్టము లేదు. నేల మనదే, ఆ నేల యిదివఱకే కలుపుతో నిండియున్నది. కావుననే పరదేశపు విత్తనము పడినంతనే మొలచినది. ఇంటి కలుపునకు తోడు బయటి కలుపును విత్తుకొనుట యేల?

ఫలితము కేకలతో ఆగిపోలేదు. 2016 జనవరిలో బెంగుళూరునందు టాంజానియా విద్యార్థినిపై గుంపు చేయి చేసికొన్నది. అదే సంవత్సరము మేనెలలో ఢిల్లీలో కాంగో దేశీయుడొకడు కొట్టి చంపబడెను. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను మూకలు వెంటాడి కొట్టినవి. నరమాంసభక్షకులన్న పుకారు అందులకు తోడ్పడినది! ఏ నైజీరియనుని వంటయింటిలో వారు చూచిరి? బొమ్మలలో చూచిన పాత్రయే బజారులో నడచుచున్నదని మూకకు తోచుటయే దీనికి మూలము.

మన పెద్దలు ఇట్టివారు కారు. 1896లో ఇథియోపియనులు అడోవా యుద్ధమున ఇటలీసేనను ఓడించిరి. అప్పటికి మనము పరపాలనమున మ్రగ్గుచుంటిమి. 1935లో ఇటలీ మరల ఆ దేశముపై బడగా, మరుసటి యేడు మన జాతీయ కాంగ్రెసు అబిసీనియా దినమును జరుపుమని దేశమునకు పిలుపునిచ్చెను. తమకే స్వాతంత్ర్యము లేనివారు దూరదేశపు స్వాతంత్ర్యమునకై కంట నీరు పెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వారి మనుమల బిడ్డలు ఆ దేశపు విద్వాంసుని చూచి కూయుచున్నారు. దీనిని అభివృద్ధి యందుమా?

మన మాటకు వత్తము. ఈ తీరమునుండి రంగూనునకు ఓడలెక్కిన తెలుగు కూలీలనెల్ల అచ్చట "కొరంగీ"లని ఒక్క రేవు పేరుతో పిలిచి తేలికపఱచిరి. 1930 మేనెలలో ఆ రేవున తెలుగువారి రక్తము ప్రవహించినది. 1968లో "పడోసన్" అను హిందీచిత్రము దక్షిణాది సంగీతోపాధ్యాయుని నవ్వులపాలు చేయగా, మనమును టిక్కెట్టు కొని నవ్వితిమి. నేడు మన తెలుగుచిత్రములే విశాఖ, శ్రీకాకుళము, విజయనగరముల యాసను పనివారి నోటను, అమాయకుల నోటను పెట్టుచున్నవి. మన బిడ్డలు హైదరాబాదు పోయి తల్లినుడిని దాచుకొనుచున్నారు. తిరస్కారమునకు అలవాటుపడిన చేయి తుదకు తన చెంపనే కొట్టును.

మఱియు మనము ఇప్పుడు దిగుమతిదారులము మాత్రమే కాము. 2022లో విడుదలైన ఒక తెలుగుచిత్రములోని పాటకు 2023 మార్చిలో ఆస్కారు లభించినది. మన బొమ్మలు లోకమంతట నాడుచున్నవి. మనము ఎవ్వరిని వికారముగా చిత్రింతుమో వారిని ఎన్నడును చూడని బాలుడొకడు ఎచ్చటనో ఆ కేకనే నేర్చికొనును.

మేము నిషేధములను కోరుట లేదు. సర్కారు కత్తెర ఒకనాడు మన నోళ్లనే కత్తిరించినది, దానిని నమ్మరాదు. మేము కోరునది మీ చేతిలోని పని. పఠనమందిరములను నడుపు సోదరులారా! మీ బీరువాలలో చినువా అచెబె, గూగీ వంటి ఆఫ్రికా రచయితల గ్రంథములకు చోటీయుడు. వారి దేశమును వారి నోటనే వినుడు. మన విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న ఆఫ్రికా విద్యార్థులను పిలిచి, మందిరమున ఉపన్యసింపుమని కోరుడు. ఇంటికి పిలిచి భోజనము పెట్టుడు. తలిదండ్రులారా! తెఱమీది నల్లవానిని చూచి బిడ్డ నవ్వినపుడు, "నాయనా, నీవు చూచితివా? విన్నావా?" అని యడుగుడు. ఆ రెండు మాటల భేదము తెలిసిన బిడ్డ ఎవ్వరికిని అన్యాయము చేయడు.

1921లో మన పెద్దలు పరదేశపు గుడ్డలను వీథులలో రాశిపోసి నిప్పుపెట్టిరి. ఆ గుడ్డలు ఒంటిమీదివి, విప్పుట సులభము. ఈ ఏవగింపు కంటికి కట్టుకొన్న గుడ్డ. దీనిని విప్పి అవతల పాఱవేయువఱకు మన బహిష్కారము సగమే జరిగినది.