వల్లించిన గమననియమములు

నేను తెలుగును సంస్కృతమును బోధించు ఉపాధ్యాయుడను. భౌతికశాస్త్రము నా వృత్తి కాదు. ఒకనాడు తోడి ఉపాధ్యాయుడొకరు సెలవులో నుండుటచే తొమ్మిదవ తరగతి పిల్లలను నేను కనిపెట్టియుండవలసి వచ్చెను. ఆనాటి పాఠము న్యూటను గమననియమములు. ఒక బాలికను లేపి మొదటి నియమము చెప్పుమంటిని. బాహ్యబలము పనిచేయనంతవరకు నిలిచియున్న వస్తువు నిలిచియే యుండుననియు, సమవేగముతో సరళరేఖలో పోవు వస్తువు అట్లే పోవుచుండుననియు ఆమె యొక్క యక్షరము తప్పక చెప్పెను. సంతోషించితిని. పిదప ఒక సుద్దముక్కను పైకెగురవైచి, "ఇది నా చేయి విడిచి పైకి పోవుచుండగా దీనిని పైకి నెట్టుచున్న బలమేది?" అని అడిగితిని. తరగతియంతయు ఏకకంఠముగా "మీ చేతి బలము, మాస్టారూ!" అనెను. నియమమును చెప్పిన బాలికయు అట్లే యనెను.

చేయి విడిచిన పిమ్మట చేతిబలమెక్కడిది? గాలి కొంచెము అడ్డుకొనుట తక్క, అప్పుడా ముక్కపై పనిచేయునది భూమ్యాకర్షణ యొక్కటియే, అదియు క్రిందికే. ముక్క పైకి పోవుచున్నది బలముచేత గాదు, తాను పొందిన వేగమును వెంటనే విడువలేకచేత. నియమము బాలిక నాలుకపై నున్నది. దానికి సరిగా విరుద్ధమైన నమ్మకము ఆమె మనస్సున నున్నది. రెండును ఒండొంటిని తాకకుండ పరీక్షదాక ప్రయాణము చేయుచున్నవి. దీనిని మనము విద్య యనుచున్నాము.

తప్పు బాలికది కాదు. ఆమె చూచిన లోకము ఆమెకట్లే నేర్పినది. మా ప్రాంతమున తిరునాళ్లకు ఒంగోలుజాతి ఎడ్లచేత బండలాగుడు పందెములు జరుపుదురు. ఎడ్లు లాగినంతసేపు బండ కదలును. అవి నిలిచినతోడనే బండయు నిలుచును. చిన్ననాటినుండి దీనిని చూచిన బిడ్డ, లాగువారు లేనిదే కదలిక లేదని గాక మరేమని తలచును? బండ నాపినది నేలయొక్క ఘర్షణమని ఆమెకెవరును చూపలేదు. చూపుట కష్టమా? క్యారమ్స్ బల్లమీద పొడి చల్లకుండ ఒక కాయను కొట్టింపుడు. పొడి చల్లి మరల అంతే బలముతో కొట్టింపుడు. రెండవసారి కాయ మిక్కిలి దూరము జారును. ఘర్షణము తగ్గినకొలది కాయ పోవు దూరము పెరుగుచున్నది. ఘర్షణమే లేనిచో నేమగునని పిల్లలే అడుగుదురు. ఏటవాలు పలకలపై గుండ్లను దొర్లించి చూచిన గెలీలియో వేసికొనిన ప్రశ్నయు నిదియే. 1687లో న్యూటను ప్రకటించిన మొదటి నియమము ఆ విచారణకు ఫలము. అరిస్టాటిలు కాలమునుండి రమారమి రెండువేల యేండ్లు మహామేధావులను కట్టిపడవేసిన భ్రమను, నాలుగు పంక్తులు వల్లించినంతమాత్రమున ఒక బాలిక దాటగలదని మనమెట్లు నమ్మితిమి?

ఇచ్చట మరియొక వర్గమువారు లేచి, ఇదియంతయు మన శాస్త్రములలోనే యున్నదందురు. న్యూటను నియమములు మూడును కణాదుని వైశేషికసూత్రములలో గలవని సభలలో చెప్పి, సంస్కృతమెరుగని పిల్లలచేత చప్పట్లు కొట్టించుచున్నారు. ఆ భాషను చదివినవాడనగుటచే ఈ మాట నేను చెప్పక తప్పదు. కణాదుడు బాణగమనమును నిజముగానే విచారించెను. నోదనముచే బాణమునకు మొదటి కదలిక కలుగును. దానిచే సంస్కారము పుట్టును. ఆ సంస్కారమే తరువాతి కదలికలను కలిగించును. అది లేనప్పుడు గురుత్వముచే బాణము పడును. ఇది గొప్ప యోచన. పదునాల్గవ శతాబ్దమున పారిసులో బురిడాను చేసిన యోచనయు దీనికి చేరువయే. కాని బాణములో ఒక నడిపించు గుణము నిలిచియున్నదను నీ భావము నా శిష్యుల చేతిబలమునకు దగ్గర, న్యూటనుకు దూరము. సమవేగముతో పోవుటకు కారణమే అక్కరలేదు, వేగము మారుటకే కారణము కావలెను అనుట న్యూటను మాట. పూర్వులు చెప్పనిదానిని వారికంటగట్టుట గౌరవము కాదు. వారు చెప్పినదానిని చదువలేదని ఒప్పుకొనుట మాత్రమే. గర్వింపదలచినచో ఆర్యభటుని తలచుకొనుడు. 499 నాటి ఆర్యభటీయమున ఆయన, ముందుకు పోవు పడవలోనివానికి ఒడ్డున కదలనివి వెనుకకు పోవునట్లు కనబడుననియు, నక్షత్రముల పడమటిపోక యట్టిదే యనియు చెప్పెను. పోవువాడు తాను పోవుచున్నట్లు ఎరుగడను నీ సత్యమును మన పిల్లలకు బోధించియుండిన బాగుండెడిది.

ఏలయన, నేడు ఆ పడవ ఆటో యైనది. నార్కట్‌పల్లినుండి మేదరమెట్లకు పోవు రహదారి మా అద్దంకి మీదుగా పోవుచున్నది. మిరపకోతల దినములలో వేకువనే కూలిస్త్రీలతో క్రిక్కిరిసిన ఆటోలు పరుగెత్తును. బడివేళకు అవే ఆటోలలో పిల్లలు, డ్రైవరు కిరుప్రక్కల ఒకకాలు బయటపెట్టి కూర్చుందురు. ముందు నిమ్మకాయయు మిరపకాయలును దిష్టికై వ్రేలాడుచుండును. లోపలివారు తాము కదలక కూర్చున్నామనుకొందురు. కాని బండివేగమంతయు వారి దేహములందున్నది. బండి ఆగినను దేహము ఆగదు. బండి మలుపు తిరిగినను దేహము తిన్నగనే పోవజూచును. మలుపున మనలనెవరో బయటికి నెట్టినట్లు తోచుట భ్రాంతి. మనము తిన్నగ పోవుచుండగా బండియే ప్రక్కకు తొలగుచున్నది.

లెక్క చూడుడు. గంటకు 36 కిలోమీటర్లనగా సెకనుకు 10 మీటర్లు. ఆ వేగముతో పోయి గోడను తాకుట, సుమారు 5 మీటర్ల యెత్తునుండి నేలపై బడుటతో సమానము. వేగము 72 అయినచో ఎత్తు రెట్టింపు కాదు, నాలుగురెట్లగును. ఎదిగిన తాటిచెట్టంత యగును. పిట్టగోడ లేని మేడయంచున బిడ్డను కూర్చుండబెట్టని తల్లి ఆటోయంచున కూర్చుండబెట్టుచున్నది. ఒడిలో గట్టిగా పట్టుకొంటిననుట ధైర్యము కాదు. 36 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనులో పదవవంతు కాలమున ఆగినచో, 10 కిలోల పసివాని నిలిపి పట్టుటకు సుమారు 100 కిలోల బరువు నెత్తునంత బలము కావలెను. అది రెండు మిరపకాయల టిక్కీల బరువును మించును. ఏ తల్లి చేతులకది సాధ్యము?

ఆ సుద్దముక్క పాఠము చెప్పిన సాయంకాలము నేనును నా కొమార్తెను స్కూటరు ముందుభాగమున నిలువబెట్టుకొని, హెల్మెట్టును చేతికి తగిలించుకొనియే యింటికి పోయితిని. త్రోవలో ఆ పిల్ల, "నాన్నా, ఇప్పుడు బండి ఆగితే నేను ఆగుతానా?" అని యడిగెను. నాకు సిగ్గు కలిగెను. వల్లించుటలో నేనును నా శిష్యులకు తీసిపోలేదు.

కూలిస్త్రీకి వేరు వాహనమెక్కడిదని అడుగుదురు. నిజమే, ఎన్నుకొను వీలులేని ఆమెను నేను నిందింపను. కాని ఆమెను పనికి పిలిచిన రైతును, పదిమంది పట్టుచోట ఇరువదిమందిని ఎక్కించిన మేస్త్రిని, బిడ్డను అట్లు బడికి పంపు మనలను నిందించుచున్నాను. ఆ నియమమును మనలో పెక్కుమంది చదివి, మార్కులు తెచ్చుకొన్నవారమే. ఇంకొక బండికి బాడుగ నిచ్చుట రైతుకు భారమే కావచ్చును. ఆ భారమును కూలిదాని ప్రాణముపై మోపుట న్యాయము కాదు.

పాఠములు ముగించుటకే కాలము చాలదు, ప్రయోగములెప్పుడని ఉపాధ్యాయులందురు. క్యారమ్స్ బల్లకు అయిదు నిమిషములు చాలును. చాలనిది కాలము కాదు. నిర్వచనమడిగి మార్కులిచ్చు ప్రశ్నపత్రము మనకు అలవాటైనది. ఆటో ఆగినప్పుడు నీవేమగుదువో వ్రాయుమని అడుగు ప్రశ్నపత్రము రానిండు. బోధన తానే మారును.

మా అద్దంకి పేరు తెలుగు సాహిత్యమున నిలుచుటకు తొమ్మిదవ శతాబ్దపు పండరంగని శాసనము ఒక కారణము. రాతిమీది ఆ తరువోజను అక్షరము చెడకుండ కాపాడుట మన ధర్మము. గమననియమమునకు అట్టి కాపుదల అక్కరలేదు. దానిని ఎవరును చెరుపలేరు, ఏ దిష్టికాయయు తప్పింపలేదు. దానిని ప్రతి బిడ్డయు తన కన్నులతో మరల కనుగొనవలెను. చదువరులు ఈ రాత్రి తమ పిల్లలను సుద్దముక్క ప్రశ్న యడిగి చూతురుగాక. "చేతిబలము" అని బదులు వచ్చినచో కోపింపక క్యారమ్స్ బల్లను దింపుడు. మరునాడు ఉదయము వారిని ఆటోలో ఎచ్చట కూర్చుండబెట్టవలెనో, ఎక్కింపకయే మానవలెనో, మీరే నిర్ణయింపుడు.