అడవి నేలలోని పురుగులు, మన చెఱువులోని నీరు

వేసవి ముదిరినతోడనే నల్లమల వాలులయందును, లంకమల యంచులయందును రాత్రివేళ నిప్పు వరుసలు కానవచ్చుట మన సభ్యులకు క్రొత్త గాదు. లేతగడ్డి మొలచునని కొందఱు కావలెననియే యంటించెదరు. ఆర్పక పాఱవైచిన బీడీముక్కయు నీ పని చేయును. పెద్ద మ్రాకులు చావలేదు గదా, నష్టమేమి యను మాట గ్రామములలో తఱచు వినవచ్చుచున్నది. నష్టమును మ్రాను మీద గాక మ్రాని క్రింద వెదకవలెనని మా యభిప్రాయము.

నల్లమద్ది, చిరుమాను మొదలగు చెట్లు రాల్చిన యాకును మన్నుగా మార్చువా రెవ్వరు? రోకటిబండలు దానిని కొఱికి ముక్కలు చేయును. చీమలు లోనికి మోసికొని పోవును. పేడపురుగు పశువుల పేడను ఉండలు చుట్టి భూమిలో పూడ్చును. వీనియన్నిటికంటె గొప్ప సేద్యగాడు చెద. ఎండుపుల్లలను, ఆకులను పుట్టలోనికి చేర్చి, వానిపై బూజు పెంచుకొని తిను చెదజాతులు మన యడవులలో గలవు. వానలకు పుట్టలపై లేచు పుట్టగొడుగులలో కొన్ని యా సేద్యపు ఫలమే. చెద యడుగు మన్నును పైకి తెచ్చును. దాని సొరంగముల వెంట వాననీరు లోనికి దిగును. వేరుసెనగ కాయను తొలిచినపుడును, ఇంటి దూలమును తినివేసినపుడును రైతు చెదను తిట్టుట న్యాయమే. మా చేనిలో మేమును దానిని మన్నింపము. అడవిలో మాత్రము అది మన పాలికాపు.

మన్ను వేడిని లోతునకు పోనీయదు గనుక పుట్టలోని చెదకు మంటవలన ప్రాణభయము తక్కువ. కాని దాని తిండి బూడిదయగును. ఆకుమఱుగున బ్రతుకు రోకటిబండలు, చిన్నపురుగులు, వాని గ్రుడ్లు అక్కడనే మాడిపోవును. కప్పు లేని నేలను తొలకరి చినుకు కొట్టగా మన్ను అట్టకట్టును. పిమ్మట కురిసిన వాన యింకక, మన్నును బూడిదను మోసికొని వంకల వెంట మన చెఱువులకు వచ్చును. కడప సీమలో 1369 నాటి శాసనము గల పోరుమామిళ్ల చెఱువువంటి గొప్ప కట్టడము లున్నవి. ఎంత గట్టి కట్టయైనను పైనుండి దిగు పూడిక నాపజాలదు. ఏటేట పూడికయని మొఱపెట్టు మనము, ఆ పూడిక బయలుదేరిన తావును చూడకుండుట వింత.

ఆఫ్రికాలోని బుర్కినాఫాసో దేశపు రైతులు చెదను కూలివానివలె వాడుకొనిరి. యాకూబా సవడోగో యను కర్షకుడు 1980 దశకమున పూర్వుల గుంటల పద్ధతిని మెఱుగుపఱచి, రాయివలె బిగిసిన నేలలో ఎండకాలముననే గుంటలు త్రవ్వి పేడయు చెత్తయు వేసెను. చెదలు వచ్చి నేలను తొలిచెను, వాననీ రింకెను, జొన్న, సజ్జ పండెను, తరువాత చెట్లును లేచెను. మన యడవిలో ఆ చెత్త ఊరకయే పడియున్నది. దానిని మనమే కాల్చుచున్నాము!

అట్లని అడవిని ముట్టవలదని గాని, మేత మాన్పవలెనని గాని మేము చెప్పము. 1900 తరువాత కనబడక, 1986లో లంకమల ప్రాంతమున మరల దొరకిన కలివికోడిని చూడుడు. అది చెదలను, చీమలను తిను పక్షి. పొదల నడుమ ఖాళీనేల గల చిట్టడవి దాని యిల్లు. పొదలను బొత్తిగా నఱికినను అది నిలువదు, అవి మిక్కిలి దట్టముగా క్రమ్మినను నిలువదు. అడవి యేలుబడి యనగా నిట్టి మితము నెఱుగుట.

1882 నాటి మద్రాసు అడవి చట్టముతో రైతు అడవికి పరాయివాడయ్యెను. 1921లో పలనాటను, రాయచోటి ప్రాంతమునను జరిగిన సత్యాగ్రహములకు మూల మదియే. 1992 మొదలు వన సంరక్షణ సమితుల మూలమున కొంత బాధ్యత మరల గ్రామముల చేతికి వచ్చినది. ఎన్ని మొక్కలు నాటితిమను లెక్కతోనే తృప్తిపడుట మనకు దగదు. పొదలను యంత్రములతో పెకలించి, నేలను తిరుగవేసి, వరుసలుగా జామాయిలు నాటుటను అడవి పెంపకమని మే మొప్పుకొనము. మంట ప్రాకకుండ శాఖవారు తీర్చు అగ్నిరేఖలు మాత్రము కావలసినవే.

ఎరువునకు ఆకు కావలసిన సభ్యులు గట్లపై కానుగను, గ్లిరిసీడియాను పెంచుకొని, అడవి యాకును ఊడ్చుట మానవలెను. పడిన మ్రాను కుళ్లుటకు కొంతయైన విడువవలెను. మాఘమాసము లోపలనే సమితియు సంఘమును కలిసి కూర్చుండి, పసులకాపరులను కూడ పిలిచి, వేసవి నాలుగు నెలలకు మంట కావలివాండ్రను నియమించి, వారి కూలికై సంఘ నిధినుండి యెంత యీయవచ్చునో రాబోవు సర్వసభ్య సమావేశమున తేల్పవలెనని కోరుచున్నాము.